విశ్వవిద్యాలయం మన ఇంటికేమిచ్చింది?

(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



విశ్వవిద్యాలయాల వల్ల ప్రయోజనమేమిటో మాట్లాడమని రేడియోవారు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. పదో తరగతితో పుస్తకం మూసి అత్తవారింటికి వచ్చినదాన్ని. విశ్వవిద్యాలయం గేటు బయటినుంచి చూడటమే గాని లోపల అడుగుపెట్టిన పాపాన పోలేదు. ఆవకాయ గురించో, పాత చీరలతో బొంతలు కుట్టడం గురించో అయితే ధారాళంగా చెప్పగలను గాని, ఇదేమిటి అనుకున్నాను. కానీ ఆ వారమే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. దాంతో ఈ విషయం మాట్లాడవలసినది నాలాంటిదే కాబోలు అనిపించి సరేనన్నాను.

సంగతేమిటంటే, బి.ఎస్సీ. పూర్తిచేసిన మా అమ్మాయికి విశాఖపట్నంలో వాతావరణ శాస్త్రంలో ఎం.ఎస్సీ. సీటు వచ్చింది. పిల్ల సంతోషం పట్టలేక ఇల్లంతా గెంతింది. మావారు మాత్రం కాగితం చదివి, కళ్లజోడు తుడుచుకుని, ఏమీ అనకుండా మళ్లీ చదివారు. మా అత్తగారు, "అంత దూరం ఆడపిల్లని ఎలా పంపుతాం?" అన్నారు. సాయంత్రం పక్కింటి వదినగారు వచ్చి అసలు మాట అడిగేశారు: "వానొస్తుందో రాదో చెప్పడానికి రెండేళ్లు చదవాలా వదినా? ఆ డబ్బు బ్యాంకులో వేస్తే పెళ్లికి పనికొస్తుంది. రేపు ఎక్కడికి వెళ్లినా అన్నం వండుకోవలసిందేగా!"

నాకు జవాబు తోచలేదు. వదినగారు చెడ్డమనిషి కాదు. ఆవిడ అడిగినది మనలో చాలామంది మనసులో ఉన్నదే. పిల్ల పెళ్లికోసం నేను కట్టుకుంటూ వచ్చిన చీటీ డబ్బు ఆ నెలలోనే చేతికి రావలసి ఉంది. దాన్ని హాస్టలుకూ ఫీజులకూ ఖర్చుపెట్టాలా వద్దా అన్నది మా ఇంట్లో మాటల వరకే ఉండే ప్రశ్న కాదు. అందుకని ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. విశ్వవిద్యాలయం చదివే పిల్లకు ఏమిస్తుంది? దాని మెట్లెక్కని మనలాంటివాళ్లకు ఏమిస్తుంది? దేశానికి ఏమిస్తుంది? తెలిసినవాళ్లను అడిగీ, చదివీ తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

ముందు వదినగారన్న అన్నం దగ్గరే మొదలుపెడదాం.

మన ఇళ్లలో కర్నూలు సోనా అనో, బి.పి.టి. అనో అడిగి తెచ్చుకునే సన్నబియ్యం ఉంది గదా. తమిళ దేశంలో ఆంధ్రా పొన్ని అంటారు. దాని అసలు పేరు సాంబ మసూరి, నంబరు బి.పి.టి. 5204. ఆ మూడక్షరాలూ బాపట్లకు గుర్తు. వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు బాపట్లలో తయారుచేసి, 1986లో రైతులకు విడుదల చేసిన వంగడం అది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో పెట్టినది. 1964లో రాష్ట్రానికి వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చాక అందులో భాగమైంది. పొన్నూరు పక్కన సేద్యం చేసుకునే మా అన్నయ్యను అడిగితే, "ఏమిటమ్మా, ఇన్నేళ్లుగా తింటున్నావు, ఎవరిచ్చారో తెలియదా?" అని నవ్వాడు.

వంగడం చేయడమంటే ఏమిటో వింటే మీకూ ఆశ్చర్యం వేస్తుంది. వరి పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఒకే చోట ఉంటాయి. దాని పుప్పొడి దానిమీదే పడి గింజ కడుతుంది. రెండు రకాలను కలపాలంటే పువ్వు విచ్చుకోకముందే చిన్న కత్తెరతో కొస కత్తిరించి, లోపలి పుప్పొడి తిత్తులు తీసేసి, కాగితపు సంచీ తొడగాలి. మర్నాడు రెండో రకం కంకి తెచ్చి దానిమీద దులపాలి. మల్లెమొగ్గలు మాల కట్టేటప్పటి ఓపిక కావాలి. అలా వచ్చిన గింజ నాటితే, తరువాతి తరంలో వేలాది మొక్కలు ఒకదానికొకటి పోలిక లేకుండా వస్తాయి. ఒకటి పొట్టి, ఒకటి పొడవు, ఒకదానికి తెగులు, ఒకదానికి తాలు. వాటిలో మంచివి ఏరి మళ్లీ నాటాలి. ఆరేడు తరాలు అలా ఏరగా ఏరగా గుణం నిలకడ అవుతుంది. తరువాత వేరువేరు జిల్లాల నేలల్లో పండించి చూడాలి. బియ్యం మర ఆడించి నూక ఎంత వస్తుందో చూడాలి. వండి, పొడిపొడిగా ఉందో ముద్దవుతుందో కూడా చూస్తారట! ఇదంతా అయ్యేసరికి పది పన్నెండేళ్లు పడుతుంది.

మన సాంబ మసూరికి ముగ్గురు పూర్వీకులు. ఒకటి తమిళనాడు సన్నరకం, ఒకటి తైవాన్ నుంచి వచ్చిన పొట్టిరకం, మూడోది మలేషియా నుంచి వచ్చిన మసూరి. మూడు దేశాల గుణాలు కలిపి బాపట్లలో ఏర్చికూర్చితే మన కంచంలోకి వచ్చింది. ఈ పని వ్యాపారికి ఎందుకు కుదరదో మా అన్నయ్యే చెప్పాడు. ఇది హైబ్రిడ్ కాదు, రైతు తన పంటలోనే విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. ఏటా కొననివాడికోసం పన్నెండేళ్లు ఏ కంపెనీ ఓపిక పడుతుంది? జనం పన్నులతో నడిచే చోటే అది సాధ్యం. కొద్దిమంది శాస్త్రజ్ఞుల జీతం, కొన్ని ఎకరాల నేల, కొన్నేళ్ల ఓపిక. ప్రతిఫలంగా లక్షల ఎకరాల్లో దశాబ్దాల తరబడి పంట. దేశానికి ఆర్థికలాభమంటే ఇంతకంటే ఏం కావాలి?

పశ్చిమ గోదావరి మార్టేరులో అదే విశ్వవిద్యాలయం వారి స్వర్ణ రకం 1982లో వచ్చింది. తూర్పు రాష్ట్రాలలోనూ రైతులు దాన్ని విస్తారంగా వేశారు. కానీ వరదలో రోజుల తరబడి మునిగితే చచ్చిపోయేది. ఒడిశాలో పాతకాలపు నాటు రకం ఒకటి మునిగినా బతుకుతుంది. ఆ గుణానికి కారణమైన జన్యువును అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారూ, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారూ కలిసి పట్టుకున్నారు. దాన్ని మన స్వర్ణలోకి తెచ్చారు. 2009లో మన దేశంలో విడుదలైన ఆ కొత్త స్వర్ణ సుమారు రెండు వారాలు నీటిలో ఉన్నా తట్టుకుంటుంది. ఒడిశా రైతు తాతముత్తాతలు కాపాడిన గింజ, మార్టేరు పొలం, సముద్రాల అవతలి ప్రయోగశాల, ఈ మూడింటినీ కలిపినది చదువే.

ఇక వానొస్తుందో రాదో చెప్పే చదువు సంగతి.

మా అమ్మగారి పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి నేను పుట్టలేదు. కానీ ఆ కథ వింటూ పెరిగాను. మా అమ్మమ్మ ఆ రాత్రి తన చెల్లెలినీ, ఆమె ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకుంది. ఆ తుపానులో సుమారు పదివేలమంది పోయారని ప్రభుత్వ లెక్క. ఇంకా ఎక్కువేనని అక్కడివాళ్లు అంటారు. గాలికి చచ్చినవారికంటే నీటికి చచ్చినవారే ఎక్కువ. పళ్లెంలో నీళ్లు పోసి ఒక పక్కనుంచి గట్టిగా ఊదండి. అవతలి అంచున నీరు పైకెక్కుతుంది. ఉప్పెన అదే. తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డుకు నెడుతుంది. తీరం దగ్గర లోతు తక్కువైతే ఆ నీటికి కిందకు పోయే దారిలేక భూమిమీదకు ఎక్కుతుంది. దివిసీమలో అది సుమారు 5 మీటర్లు ఎక్కింది. తుపాను వస్తోందన్న మాట ఊళ్లలో చాలామందికి సరిగా అందలేదు. అందినవాళ్లకు ఎటు పోవాలో తెలియలేదు. "గాలివానే గదా, తెల్లారితే తగ్గుతుంది అనుకున్నామమ్మా" అనేది మా అమ్మమ్మ.

అదే తీరంలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీదనే పడింది. చెట్లు కూలాయి, కప్పులు ఎగిరాయి, విశ్వవిద్యాలయం ఆవరణే చిందరవందరైంది. కానీ పోయిన ప్రాణాలు వేలల్లో లేవు, పదుల్లో ఉన్నాయి. కొన్ని రోజుల ముందే అది ఎటు వస్తుందో చెప్పారు. లక్షలమందిని తరలించారు. ఈ తేడాకు ఉపగ్రహాలు, రాడార్లు, తుపాను షెల్టర్లు, అధికారులు అందరూ కారణమే. అయితే ఉపగ్రహం పంపిన బొమ్మను చదవగల మనిషి కావాలి గదా? ఆ మనిషి ఎక్కడ తయారయ్యాడు?

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1952లో లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు వచ్చారు. ఇక్కడి అధ్యాపకులనూ విద్యార్థులనూ వెంటబెట్టుకుని బంగాళాఖాతంలో నీటి వేడిమి, ఉప్పదనం, ప్రవాహాలు కొలిపించారు. వాతావరణ, సముద్ర శాస్త్రాల చదువు అక్కడ అలా వేళ్లూనుకుంది. "అమ్మా, సముద్రం పైనీరు ఎంత వెచ్చగా ఉంటే తుపానుకు అంత బలం. ఆ కొలతలు లేకపోతే లెక్కే లేదు" అని మా అమ్మాయి చెబుతుంటే, మా అమ్మమ్మ చెల్లెలి పిల్లలు గుర్తొచ్చారు. వానొస్తుందో రాదో చెప్పడానికి రెండేళ్లా అన్న ప్రశ్నకు నాకు జవాబు అప్పుడు దొరికింది. రెండేళ్లు కాదు, ఎంతమంది ఎన్నేళ్లు చదివినా ఎక్కువ కాదు.

ఈ విద్యాలయాలు మనకు ఊరికే ఊడిపడలేదు. ఒకప్పుడు కోస్తా, రాయలసీమ పిల్లలకు పట్టా కావాలంటే మద్రాసు విశ్వవిద్యాలయమే దిక్కు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అని ఎంత చక్కటి పేరు పెట్టుకున్నారో చూడండి. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపాధ్యక్షులు, తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మగారు ఏటా లక్ష రూపాయలిచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే ఎంతో మీరే ఊహించుకోండి. హైదరాబాదులో అంతకుముందే, 1918లో, ఉస్మానియా మొదలైంది. ఇంగ్లీషులో గాక దేశభాష అయిన ఉర్దూలో పైచదువులు చెప్పి చూపించిన విద్యాలయమది. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర, 1976లో కాకతీయ, నాగార్జున, 1983లో తిరుపతిలోనే ఆడపిల్లలకోసం పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వచ్చాయి.

విద్యాలయం వచ్చిన ఊరు ఎలా మారుతుందో గమనించారా? మొదట నాలుగు భవనాలు లేస్తాయి. వెంటనే ఇడ్లీ బండి వస్తుంది. గదులు అద్దెకిచ్చేవారు, మెస్సు నడిపే ఇల్లాళ్లు, జిరాక్సు కొట్టు, బట్టలు కుట్టేవారు, ఆటోవాళ్లు, పాత పుస్తకాలమ్మేవారు, ఇంతమంది బతుకుతారు. నాకు తెలిసిన ఒకావిడ భర్త పోయాక పాతికమంది విద్యార్థులకు రెండుపూటలా భోజనం పెట్టి ముగ్గురు పిల్లలను పెంచుకొచ్చింది. ఆ ఊళ్లో బడికి టీచరు, ఆస్పత్రికి డాక్టరు, కోర్టుకు వకీలు దొరుకుతారు. ఎన్.ఎస్.ఎస్. పిల్లలు పల్లెలకు వెళ్లి రక్తదానమనీ, అక్షరాలనీ ఏదో ఒకటి చేస్తుంటారు. అది 1969లో మొదలైన పథకం.

సరే, చదివే పిల్లకు ఏమిటి? ఉద్యోగమని అందరూ అంటారు. అది నిజమే, చదువుంటే తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి. కానీ నాకు అంతకంటే పెద్దదిగా కనిపించేది వేరే ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి కథ చెప్తాను.

స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లి వచ్చాక ఆవిడ చదువు మళ్లీ మొదలుపెట్టారు. ప్రైవేటుగా బెనారసు మెట్రిక్ పాసై, వాల్తేరులో బి.ఎ. ఆనర్సు చదవాలని వెళ్లారు. ఆడవాళ్లకు హాస్టలు లేదు, ఎలా చేర్చుకోవడం అన్నది అడ్డు వచ్చింది. మనమైతే తిరుగు రైలెక్కుదుం. ఆవిడ పేపరులో ప్రకటన వేశారు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలెవరైనా ఉంటే తనకు రాయమన్నారు. పదిమంది దాకా ముందుకొచ్చారు. ఒక ఇల్లు చూసుకుని తామే హాస్టలు నడుపుకున్నారు. అందరికీ చదువుకునే దారి దొరికింది. ఆ తరువాత ఆవిడ మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయ్యారు. మధ్యలో బడి మానేసిన ఆడవాళ్లు తక్కువ కాలంలో పరీక్షకు కూర్చునేందుకు 1958లో ఆ మండలి సంక్షిప్త కోర్సులు పెట్టింది. తనకు అడ్డుపడ్డ గోడను తన ఒక్కరికోసమే పగలగొట్టుకోలేదు చూశారా!

విశ్వవిద్యాలయం పిల్లకు ఇచ్చేది ఆ ధైర్యం అనుకుంటాను. తెలియనిది అడగడం, ఒకరు చెప్పినదాన్ని ఆధారమేమిటి అని చూడటం, వేరే కులం, వేరే జిల్లా, వేరే యాస పిల్లతో ఒకే గదిలో సర్దుకోవడం. ఇవి ఇంట్లో మనమెంత ప్రేమగా పెంచినా నేర్పలేం. 1947లో దేశం మొత్తంమీద విశ్వవిద్యాలయాలు సుమారు 20. కేంద్ర ప్రభుత్వం వారి 2021-22 లెక్కలో అవి 1,168. అందులో, కాలేజీలలో కలిపి పైచదువులు చదివేవారు 4.33 కోట్లు, వారిలో ఆడపిల్లలు 2.07 కోట్లు. దాదాపు సగం! ఆ గోడ ఎంతమందికి కూలిందో చూడండి.

అలాగని అంతా పాలూ నీళ్లలా కలిసి బాగుందని నేను చెప్పను. అధ్యాపకుల ఖాళీలు నింపకుండా ఏళ్లతరబడి నెట్టుకొస్తున్న చోట్లున్నాయి. పాఠం చెప్పకుండా పట్టా ఇచ్చే చోట్లూ ఉన్నాయి. పట్టా చేతబట్టుకుని పదివేల ఉద్యోగం కోసం తిరిగే పిల్లలను మనం చూస్తూనే ఉన్నాం. ప్రతి పిల్లకూ ఎం.ఎస్సీ. అక్కరలేదు. కొందరికి పాలిటెక్నిక్కో, నర్సింగో, చేతిపనో నప్పుతుంది. కానీ, విద్యాలయం సరిగా నడవడం లేదంటే దాన్ని బాగుచేయమని అడగాలి గాని, అది అనవసరమనుకుంటే ఎలా? కుళాయిలో నీళ్లు మురికిగా వస్తే నీళ్లే వద్దంటామా?

అందుకని, పిల్లలను పంపేముందు తల్లులు చూసుకోవలసినవి నాలుగు చెప్తాను. ఒకటి, ఆ విశ్వవిద్యాలయానికి యు.జి.సి. గుర్తింపు ఉందా? నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా వారే ప్రకటిస్తుంటారు, తప్పక చూసుకోండి. రెండు, మొత్తం విద్యాలయం పేరే కాకుండా, మన పిల్ల చేరే శాఖలో పర్మనెంటు అధ్యాపకులెంతమంది, ప్రయోగశాల పనిచేస్తోందా అని ఇప్పుడు చదువుతున్న పిల్లలనే అడగండి. మూడు, సీటు వచ్చిన రోజే హాస్టలుకు దరఖాస్తు పెట్టండి. రాత్రి లైబ్రరీనుంచి హాస్టలుకు దారి ఎలా ఉందో ఒకసారి నడిచి చూడండి. నాలుగు, స్కాలర్‌షిప్పులు. వాటి నిబంధనలు మారుతుంటాయి గనుక ఆ యేటివి కనుక్కుని, ఆదాయం, కులం సర్టిఫికెట్లు ముందే తీసిపెట్టుకోండి. చివరి రోజున పరుగెత్తితే ఆఫీసులో గుమాస్తా దొరకడు.

మరి మన సంగతి? మనకు వయసైపోయిందని అనుకోకండి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టినది మన తెలుగుగడ్డమీదే, 1982లో హైదరాబాదులో. 1991లో దానికి అంబేద్కర్‌గారి పేరు పెట్టారు. ఇంటిపని చేసుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవారికోసం పెట్టినదది. మొదట్లో పెద్ద చదువు లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరారు. వంటింట్లో పుస్తకం ఆనించిపెట్టుకుని బి.ఎ. చదివిన ఇల్లాళ్లు ఎందరో. ఇంటర్మీడియట్ కూడా ఓపెన్ స్కూలు ద్వారా ఇంటినుంచే కట్టవచ్చు.

మా ఇంటి లెక్క ఎలా తేలిందో చెప్పి ముగిస్తాను. మా ఊరికీ, ఇంటరు కాలేజీ ఉన్న ఊరికీ మధ్య దూరం పద్నాలుగు కిలోమీటర్లు. సాయంత్రం బస్సు చీకటిపడ్డాక వస్తుందని మా నాన్న నన్ను పంపలేదు. ఆయన నాకు ఏ లోటూ చేయలేదు, పెళ్లి ఘనంగా చేశారు. కానీ ఆ పద్నాలుగు కిలోమీటర్లు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ మాట మావారితో అన్నాను. ఆయన కాసేపు ఆగి, "చీటీ డబ్బు ఎప్పుడొస్తుంది?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో మా ఇంట్లో చర్చ ముగిసింది. మా అత్తగారికి ఇంకా బెంగే. మనవరాలికోసం కారప్పొడి, నువ్వులుండలు చేస్తూ "అన్నం బాగుంటుందో లేదో" అంటున్నారు. పక్కింటి వదినగారు నిన్న వచ్చి, తుపాను ఎన్ని రోజుల ముందు తెలుస్తుందని మా అమ్మాయిని గుచ్చిగుచ్చి అడిగారు. వాళ్ల అబ్బాయికి మచిలీపట్నంలో పడవ ఉంది మరి.

వచ్చే నెల పిల్లను దింపడానికి నేనే వెళ్తున్నాను. ఈసారి గేటు లోపలికి!